గొంగడి కప్పిన బ్యాటరీ

బ్యాటరీ పని చేసేవాళ్ళు ఇప్పుడు ప్రొద్దుటూరులో వీధికొకరు ఉన్నారు. నన్ను చూస్తే లేచి కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, మీ కాలంలో ఎట్లా చేసేవాళ్ళో చెప్పమంటారు. నేను బాగు చేసిన వాటి గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నలభై ఏళ్ళకు పైగా ఈ పని చేశాను, అలాంటివి బోలెడు ఉన్నాయి. వాటిని ఎవరైనా చెబుతారు. నేను చెడగొట్టిన ఒకదాని గురించి రాస్తున్నాను. టీ తాగుతూ చెప్పే సంగతి కాదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. పని నేర్చుకున్నది పులివెందులలో, లారీల బ్యాటరీలకు చార్జింగ్ పెట్టే కొట్టులో. సీసం పలకలు, యాసిడ్, చేతికి అయిన పుండ్లు, మా చదువు అంతే. నాకు పని నేర్పిన మేస్త్రి మీటర్లను నమ్మేవాడు కాదు. బ్యాటరీ పక్కన అరచేయి ఆనించి చూసేవాడు. "చల్లగా ఉంటే చార్జి తాగడంలే. గోరువెచ్చగా ఉంటే తాగుతాంది, అదే లేస్తాది, వదిలెయ్" అనేవాడు. సీసం బ్యాటరీకి ఆ మాట చాలావరకు చెల్లుతుంది. మరీ వేడెక్కితే నీళ్ళు ఇంకిపోతాయి, పలకలు వంగిపోతాయి, మహా అయితే మూత ఎగిరి యాసిడ్ చిందుతుంది. ఆ లెక్కతోనే నలభై ఏళ్ళు బతికాను.

స్కూటర్లలో లిథియం బ్యాటరీలు వచ్చేసరికి నాకు అరవై దాటింది. ఇక ఈ ముసలాయన పని అయిపోయిందని బజారంతా అనుకున్నారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. పాత ఇనుము కొట్టులో ఒక పాడైన బ్యాటరీ కొనుక్కొచ్చి, విప్పి, సెల్లు సెల్లు తీసి చూశాను. బండితో పాటు ఇచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, హిందీలో ఉంటుంది, తెలుగులో ఉండదు. బండి కొనేవాడేమో ముద్దనూరు రైతు, జమ్మలమడుగు గొర్రెల కాపరి. ప్రాణం మీదికి తెచ్చే సంగతిని వాళ్ళకు రాని భాషలో రాసిచ్చి అమ్ముకోవడం ఏం న్యాయమని అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతాను. అయితే ఆ కోపం చాటున దాక్కునే హక్కు నాకు లేదు. ఆ పుస్తకం నేను చదివాను. పక్కన నిఘంటువు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను.

లోపల టార్చిలైటు సెల్లుల్లాంటివి పదిహేడు వరసలుగా పేర్చి ఉంటాయి. వాటి మీద ఒక బోర్డు కాపలా ఉంటుంది. ఏ వరస నిండినా చార్జింగ్ ఆపేది ఆ బోర్డే. వేడి పెరిగితే కరెంటు తెంచేదీ అదే. నెలల తరబడి బండిని వాడకుండా పడేస్తే సెల్లులు చార్జి అంతా ఇంకి అడుగంటిపోతాయి. అప్పుడు బోర్డు తాళం వేసుకుంటుంది, ఏ చార్జరు పెట్టినా లోపలికి రానివ్వదు. అమ్మినవాళ్ళు "ఇది చచ్చింది, కొత్తది కొను" అంటారు. నేను ఆ బోర్డును పక్కకు తప్పించి, సెల్లులకు నేరుగా కొంచెం కొంచెం కరెంటు ఎక్కించి లేపేవాణ్ణి. చచ్చిన బ్యాటరీని లేపే పెద్దాయన అని మైదుకూరు దాకా పేరు పోయింది. ఆ పేరు నాకు నచ్చిందని ఒప్పుకోవాలి.

నా కొట్టులో నాతో పాటు ఒక సాయిబు ఉండేవాడు. నా వయసువాడే. మోటార్లకు తీగ చుట్టే పని చేసి చేసి చూపు తగ్గాక నాతో కలిశాడు. ఇరవై ఏళ్ళు ఒకే బల్ల మీద అన్నం తిన్నాం. నేను అడుగంటిన బ్యాటరీ విప్పినప్పుడల్లా "ఏం బావా, మళ్ళా సమాధి తవ్వుతాండావా?" అనేవాడు.

"లేచి కూర్చుంటే నీకే ముందు సలాం కొడ్తాది లే" అనేవాణ్ణి.

ఒకసారి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మేడమ్ తన స్కూటర్ చూపించడానికి వచ్చింది. జమ్మలమడుగు మిషన్ బడిలో చదువుకున్న మనిషి, మాట మెత్తన. బల్ల మీద నేను చేస్తున్న పని చూసి ఊరుకోలేకపోయింది.

"పెద్దాయనా, అంత అడుగంటినవాటిని లేపాకండి. లోపల రాగి రేకు ఉంటాది కదా, అది కరుగుతాది. మళ్ళీ చార్జి పెడితే ఆ రాగి వెంట్రుకల మాదిరి పేరుకుంటాది. ఒక్క వెంట్రుక అవతలికి తగిలితే లోపలే షార్టు. పైకి వోల్టేజీ బాగానే చూపిస్తాది."

"ఆ వెంట్రుకను మీరు చూసినారా మేడమ్?"

"కంటికి ఆనేది కాదు పెద్దాయనా."

"కంటికి ఆననిదానికి భయపడితే మాకు పూట గడవదు మేడమ్. మీరు పుస్తకంలో చూస్తారు, మేం చేత్తో చూస్తాం."

కొట్టులో ఉన్న నలుగురూ నవ్వారు. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. బండి తాళం తీసుకుని, "చేతికి తెలియనివి కూడా ఉంటాయి" అని మాత్రం అని వెళ్ళిపోయింది. ఆ రోజంతా సాయిబుతో ఆమెను వెక్కిరిస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో మొగుడూ పెళ్ళాం ఇద్దరు వచ్చారు. గండికోట దారిలో ఒక ఊరు వాళ్ళది, గొర్రెలు మేపుకునే ఇల్లు. వేరుశనగ పంట తీశాక ఆయన మందను తోలుకుని ఖాజీపేట వైపు పోయి, రైతుల పొలాల్లో ఎరువుకు మంద నిలుపుతూ మూడు నెలలు అక్కడే ఉన్నాడు. ఆమె ఇంటి దగ్గర పసి గొర్రెపిల్లలను చూసుకుంటూ ఉండిపోయింది. స్కూటర్ వసారాలో అట్లాగే నిలబడి ఉంది. ఆయన తిరిగొచ్చి తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీని తువ్వాలలో చుట్టి, ఆమె ఒడిలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చాలా జాగ్రత్తగా నా బల్ల మీద దించింది.

"ఇది లేస్తాదా మామా?" అని అడిగింది.

"లేయకుంటే మళ్ళా నడకే మాకు" అన్నాడు ఆయన. "మంద యాడుంటే ఆడికి మేత, నీళ్ళు మోసుకొని పోవల్ల."

"ఈయప్ప చేతిలో పడినాక లేయకేం చేస్తాది?" అన్నాడు సాయిబు. "మంచి మాటతో లేయకుంటే తిట్టి లేపుతాడు."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మీటరు పెట్టి చూస్తే పదిహేడు వరసల్లో నాలుగు పూర్తిగా అడుగంటాయి. మేడమ్ మాట గుర్తొచ్చింది. గుర్తు రాలేదని రాస్తే నాకు తేలికే, కానీ వచ్చింది. పక్కకు నెట్టేశాను. రెండు గంటలు కూర్చుని నాలుగింటినీ పైకి తెచ్చాను. వోల్టేజీ చక్కగా నిలబడింది. బోర్డు మాత్రం తాళం తీయలేదు. వాళ్ళకు సాయంత్రం బస్సు దాటిపోతుంది. చార్జింగ్ తీగను బోర్డుకు తగలకుండా నేరుగా సెల్లులకు కలిపి, ఎర్ర టేపు చుట్టేశాను.

సాయిబు గొంతు తగ్గించి, "బోర్డు లేకుండా పంపిస్తాండావా?" అన్నాడు.

"కొత్త బోర్డు వచ్చినాక పిలిచి మారుస్తా."

"ఆ పిల్లకు చెప్పినావా?"

"చెప్తే భయపడతాది. ఊరుకో."

చార్జరు మీద ఉండే చిన్న దీపం ఎప్పుడో పోయిందట. "చార్జింగు ఎక్కుతాందో లేదో ఎట్ల తెల్సాల మామా?" అని ఆమె అడిగింది. నేను నా మేస్త్రి చెప్పిన మాటే చెప్పాను. "పక్కన అరచేయి పెట్టి చూడు తల్లీ. చల్లగా ఉంటే ఎక్కలేదు, వెచ్చగా ఉంటే ఎక్కుతాందని."

ఆమె ముఖం వెలిగింది. "ఓ, గొర్రెపిల్ల చెవి మాదిరేనా! చలికి ముడుచుకున్న పిల్లకు చెవి పట్టుకొని చూస్తాం మామా. వెచ్చగుంటే బతికినట్లే. చల్లగుంటే గొంగట్లో చుట్టి పెడతాం, కాసేపటికి లేస్తాది."

"అంతే! ఎంత బాగ చెప్పినావమ్మా!" అన్నాను. అందరం నవ్వాం. దీన్ని మాత్రం చుట్టొద్దు అని ఒక్క మాట అనడానికి నాకు ఖర్చయ్యేది ఏమీ లేదు. తోచలేదు. ఆమె పోలిక అంత ముచ్చటగా ఉంది. తర్వాత వారం రోజులు వచ్చినవాళ్ళందరికీ దాన్నే చెప్పుకుని మురిశాను.

పది పన్నెండు రోజులకు ఆ ఊరి నుంచి ఫోను వచ్చింది. బ్యాటరీ కాలింది, ఆమెను కడప ఆసుపత్రికి తీసుకుపోయారు, నువ్వొచ్చి చూడు అన్నారు. మరునాడు పొద్దున్నే పోయాను.

జరిగింది పక్కింటామె చెప్పింది. ఆయన మందతో కొండ వైపు పోయాడు. ఈమె బ్యాటరీని గదిలో నేల మీద పెట్టి చార్జింగ్ పెట్టింది. అదే గదిలో వెదురు గంప కింద ఆరు గొర్రెపిల్లలు ఉన్నాయి. చలి గట్టిగా ఉన్న పొద్దు. చేయి పెట్టి చూస్తే బ్యాటరీ చల్లగా తగిలింది. గొంగడి తెచ్చి కప్పింది. కాసేపటికి మళ్ళీ చూస్తే వెచ్చబడింది. "లేచిందక్కా, లేచింది" అని పక్కింటామెకు సంబరంగా చెప్పి, కుళాయి దగ్గర నీళ్ళు పట్టడానికి పోయింది. బిందె నిండకముందే గదిలోంచి పొగ వచ్చింది. పరుగెత్తి లోపలికి పోయి రెండు పిల్లలను చంకన పెట్టుకొచ్చింది. మళ్ళీ పోయి ఇంకో రెంటిని తెచ్చింది. మూడోసారి లోపల ఉండగా బ్యాటరీ పటపటా పేలింది. జనం బిందెడు నీళ్ళు పోస్తే మంట ఆగినట్టే ఆగి మళ్ళీ లేచిందట. ఒక సెల్లు ఆరినా పక్క సెల్లు వేడి అందుకుంటుంది. దానికి బిందె చాలదు, ధారగా పోస్తూనే ఉండాలి. ఆ పొగ కట్టెల పొగలాంటిది కాదు, గొంతును, ఊపిరితిత్తులను లోపలి నుంచి కాలుస్తుంది. చేతుల మీద కాలిన గాయాల కంటే అదే ఆమెకు ఎక్కువ చేటు చేసింది.

గ్రామ సచివాలయం నుంచి ఒక ఉద్యోగి వచ్చి ఇంటి ముందు నిలబడి వివరాలు రాసుకుంటున్నాడు. చుట్టూ ఊరు ఊరంతా ఉంది. "మీకు బ్యాటరీల పని తెలుసంట కదా, ఎందుకు కాలిందంటారు?" అని నన్ను అడిగాడు. వాకిట్లో సగం కాలిన గొంగడి పడి ఉంది. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముందు, ఆలోచన వెనక. ఆ రోజు ఆ కోపం వెనక భయం కూడా ఉందని ఇప్పుడు తెలుస్తోంది. "గొంగడి కప్పితే కాలక ఏమైతాది? బ్యాటరీ ఏమన్నా గొర్రెపిల్లా?" అని గట్టిగా అరిచాను.

జనంలో ఒక కదలిక పుట్టింది. ఎవరో ఆ మాటను పక్కవాడికి చెప్పారు, వాడు ఇంకొకడికి చెప్పాడు. ఒకరిద్దరు ఆ విచారంలోనూ నవ్వారు. "అంతే కదప్పా, తెలిసినాయన చెప్తాండాడు" అన్నారు. ఉద్యోగి రాసుకున్నాడు. కింద నేను సంతకం చేశాను. అప్పటికి నేను బ్యాటరీని చూడలేదు. అది కాలి పడి ఉన్న మూల వైపు కన్ను తిప్పకుండా ఉండటానికే గొంగడి వైపు చూశాను.

కాలిన బ్యాటరీని ఇనుప తొట్టిలో ఇసుక మధ్య పెట్టించి కొట్టుకు తెచ్చాను. విప్పింది సాయిబు. కరిగి అంటుకుపోయిన ఎర్ర టేపును స్క్రూడ్రైవరు మొనతో తాకి, "బావా, ఈ తీగ యాడికి పోతాంది?" అన్నాడు.

ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలుసు.

"గొంగడి కప్పకపోయినా ఇది కాలి ఉండేదే. ఇయ్యాల కాకుంటే రేపు" అన్నాడు.

మేడమ్ ఇంటికి పోయాను. గుమ్మం దగ్గరే అంతా చెప్పాను. నేను ముందే చెప్పలేదా అంటుందని పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. అనలేదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"నాలుగు వరసలు అడుగంటినాయంటిరి కదా. అందులో రెండు లోపల్లోపల షార్టయినా చాలు. పదిహేడు మందికి వండింది పదిహేను మందికి కుక్కినట్లు. మిగిలిన సెల్లులు పట్టేదానికన్నా ఎక్కువ మింగినాయి. బోర్డు ఉండుంటే అడ్డం పడేది."

"మరి గొంగడి?"

"గొంగడి తొందర చేసిందేమో. మొదలుపెట్టింది అది కాదు. ఆమె చేతికి వెచ్చగా తగిలిన ఘడియ ఉంది చూడండి, అప్పుడు చార్జరు పీకి, పిల్లలను తీసుకొని బయటికి పరుగెత్తాల్సింది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు."

ఎవరూ చెప్పకపోవడం కాదు, నేను తలకిందులుగా చెప్పాను.

అప్పుడే కడపకు పోవాల్సింది. ఎనిమిది రోజులు పోలేదు. ఒకరోజు బస్సు దొరకలేదన్నాను, ఒకరోజు మోకాలు నొప్పన్నాను, ఒకరోజు ఆమెకు కొంచెం నయం కానీ అన్నాను. ఎనిమిదో రోజు సాయిబు కొట్టు తలుపు మూసి, "నువ్వు పోతావా, నేను పోయి చెప్పాల్నా?" అన్నాడు. ఇరవై ఏళ్ళలో నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

తొమ్మిదో రోజు ఆసుపత్రి వరండాలో ఆమె మొగుడు కనిపించాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేచాడు.

"ఒకటే అడుగుతాంది మామా. 'నేను కప్పినందుకేనా, నేను కప్పినందుకేనా' అని. ఊరోళ్ళు చూడను వచ్చి నీ మాట చెప్పిపోయినారు. అప్పట్నుంచి నిద్ర పోదు."

లోపలికి పోయాను. రెండు చేతులకూ కట్లు, ముక్కుకు గొట్టం. మాట గాలిలా వస్తోంది. స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. అడుగంటిన సెల్లులు, మేడమ్ వద్దన్నది, బోర్డు తప్పించింది, చెప్పకుండా పంపింది, అరచేయి సంగతి, ఒక్కటీ దాచలేదు. "తప్పు నాది తల్లీ. నువ్వు చేసింది ఏమీ లేదు. నేను చెప్పినట్లే చేసినావు" అన్నాను.

ఆమె నన్ను అలాగే చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రావాలని కోరుకున్నాను. ఆమె కళ్ళలోకి జాలి వచ్చింది.

"నువ్వు శానా మంచోనివి మామా. నా కడుపులో బాధ పోవల్లని నీ మీద ఏసుకుంటాండావు."

"లేదు తల్లీ, నిజంగా..."

"ఊర్లో అందరి ముందర అన్నది నువ్వే కదా. బ్యాటరీ ఏమన్నా గొర్రెపిల్లా అని. కోపంలో వచ్చిందే నిజం మామా. ఇప్పుడు చెప్పేది నన్ను చూసి చెప్తాండావు."

ఎన్ని రకాలుగా చెప్పినా నమ్మలేదు. రాగి అన్నాను, వెంట్రుకలన్నాను. నేను మేడమ్‌ను నవ్వులపాలు చేసి పంపినట్టు ఆమె నన్ను నవ్వులపాలు చేయలేదు, అంతే తేడా. నేను ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న పేరే నాకు అడ్డం నిలబడింది. చచ్చినదాన్ని లేపే పెద్దాయన తప్పు చేస్తాడని ఆమె ఎట్లా నమ్ముతుంది?

కాసేపటికి, "పిల్లలు ఎన్ని బతికినాయి మామా? ఈయప్ప చెప్పడంలే" అంది.

"నాలుగు" అన్నాను.

"నాలుగా" అని కళ్ళు మూసుకుంది. ఆ ఒక్క మాట నమ్మింది.

మూడు రోజుల తర్వాత పోయింది.

సచివాలయంలో నా మొదటి మాట తప్పని రాసిచ్చాను. పోలీసు స్టేషన్‌లోనూ రాసిచ్చాను. దాని మీద జరగాల్సింది జరుగుతోంది, అది ఇక్కడ రాయను. ఆ ఊరికి పోయి, అదే వాకిట్లో, అదే జనం ముందు నిలబడి బోర్డు సంగతి, తీగ సంగతి చెప్పాను. ఒక పెద్దాయన నా భుజం తట్టి, "పోనీలేప్పా. పోయినామె మీద మాట ఉండకూడదని నువ్వు మోస్తాండావు. ఈ కాలంలో ఎవరు మోస్తారు?" అన్నాడు. నేను ఆమె మీద వేసిన మాట ఒక్క పూటలో ఊరంతా పాకింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎన్నిసార్లు పోయినా నాకు గౌరవం పెరిగిందే తప్ప ఆమె మీది మాట చెరగలేదు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఇళ్ళలో ఎవరైనా బ్యాటరీ చార్జింగ్ పెడితే, "గొంగడి కప్పినామె మాదిరి చేసుకోవాకు" అని హెచ్చరిస్తారట.

అందుకే ఈ పని చేసేవాళ్ళకు రాస్తున్నాను. అడుగంటిన సెల్లును లేపకండి, అది ఎంత బాగా లేచినట్టు కనిపించినా. బోర్డు తాళం వేసిందంటే దానికో కారణం ఉంటుంది, తప్పించకండి. తప్పించి ఉంటే, కాలిన ఇంటి ముందు నిలబడి నోరు తెరవకముందు మీ తీగ ఎటు పోయిందో చూసుకోండి.

కొట్టును పూర్తిగా మూసేస్తున్న రోజు ఆమె మొగుడు వచ్చాడు. ఏదో పని మీద ప్రొద్దుటూరు వచ్చాడట. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు చెప్పింది నిజమేనని నాకు తెలుసు మామా. తీగ సంగతి సాయిబు నాకు ఆసుపత్రికాడికి ఫోను చేసి చెప్పినాడు. నువ్వు రాకముందే."

"మరి ఆమెకు చెప్పలేదా?"

"చెప్తిని. నేను మొగుణ్ణి కదా, తన బాధ చూడలేక చెప్తాండానని అనుకున్నాది. పెద్దాయన వచ్చి చెప్తే నమ్ముతాలే అన్నాది." బయట బస్సు హారను వినబడితే అటు చూశాడు. "ఎనిమిది దినాలు వాకిలి వైపే చూసింది మామా. నువ్వు వచ్చేసరికి తప్పు తనదేనని మనసులో తేల్చేసుకున్నాది."

ఆ మాట చెప్పి బస్సుకు పోయాడు.